పావిలాండ్ ‘రెడ్ లేడీ’ వయసు ఎందుకు పెరుగుతూ పోతోంది?

స్వాన్సీ_సూరి:

అందరికీ నమస్తే. నేను వేల్స్‌లోని స్వాన్సీలో మాస్టర్స్ చేస్తున్నా. ఊరు తెనాలి. చదివేది డేటా సైన్స్, ఆర్కియాలజీకీ నాకూ ఏ సంబంధమూ లేదు.

మొన్న సెలవు రోజు మా ఫ్లాట్ వాళ్ళందరం దగ్గర్లో ఉన్న గోవర్ ద్వీపకల్పం వైపు వెళ్ళాం. పోర్ట్ ఐనన్ దగ్గర బస్సు దిగి కొండ అంచు వెంట రొస్సిలి దాకా నడక. దారిలో కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన మాట కలిపి, “మీ కాళ్ళ కిందున్న కొండలోనే పావిలాండ్ గుహ ఉంది, రెడ్ లేడీ దొరికింది అక్కడే” అన్నాడు. పై నుంచి చూస్తే గుహ కనబడలేదు, సముద్రమూ గొర్రెలూ తప్ప.

రూముకొచ్చి వెతికితే తల తిరిగింది. రెడ్ లేడీ అంటే ఆ గుహలో దొరికిన పాతకాలం మనిషి ఎముకలట. లేడీ అన్నది లేడీ కాదట, కుర్రాడట. 1823లో రోమన్ల కాలం మనిషి అన్నారు. 1960ల్లో 18 వేల ఏళ్ళు అన్నారు. తర్వాత 26 వేలు. ఆ తర్వాత 29 వేలు. ఇప్పుడు ఒకచోట 33 వేలు, ఇంకోచోట 34 వేలు. మా రూమ్మేట్ మెకానికల్ వాడు, ప్రతిదానికీ టాలరెన్స్ ఎంత, అంటే ఎంత తేడా దాకా ఒప్పుకోవచ్చు అని అడుగుతాడు. “రెండు వేల దగ్గర మొదలై ముప్పై నాలుగు వేల దాకా పోయిందాన్ని కొలత అనరు రా, వేలంపాట అంటారు” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ ఎముకలు చూసి ఆడా మగా అన్నదే తేల్చుకోలేకపోయినవాళ్ళు వయసు ఎలా చెప్పగలిగారు? ఎప్పుడు కొలిచినా పెరగడమేగానీ ఒక్కసారీ తగ్గలేదెందుకు? రేపు 40 వేలు అంటారా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. లింకులు వద్దు, చదివి చదివి విసుగొచ్చింది.

నిజం_నిప్పు:

మీ రూమ్మేట్‌కి నా నమస్కారాలు చెప్పండి. ఈ కార్బన్ డేటింగ్ అంతా ఇంతే. అప్పుడు దంతపు గాజులు చూసి ఆడమనిషి అన్నారు, ఇప్పుడు యంత్రంలో అంకె చూసి 33 వేలు అంటున్నారు, రేపు ఇంకో యంత్రం వస్తుంది, ఇంకో అంకె వస్తుంది. ఎప్పటికప్పుడు కొత్త పేపరు, కొత్త గ్రాంటు.

నాపరాయి:

సూరి తమ్ముడూ, ప్రశ్న బాగుంది. మీ రూమ్మేట్ వేసిన ప్రశ్న ఇంకా బాగుంది, అతన్నీ ఇక్కడికి లాక్కురా.

ముందు నేనెవరో చెప్తాను, లేకపోతే ఈవిడకేం తెలుసని నిప్పు గారు అడుగుతారు. నేను ఆర్కియాలజిస్టుని కాను. మాది కర్నూలు వైపు బేతంచెర్ల. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ మీద, అంటే అణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే యంత్రం మీద పనిచేశాను. పెళ్ళయ్యాక న్యూపోర్ట్ వచ్చాం, ఇక్కడా ల్యాబ్ పనే. శాంపిల్లో ఉండకూడనిది ఎక్కణ్ణుంచి వచ్చి చేరిందో పట్టుకోవడం నా ఉద్యోగం. అందుకే ఈ కుర్రాడి వయసు గొడవ నాకు భలే ఇష్టం.

ఆడమనిషి సంగతి ముందు. 1822 చివర్లో ఆ గుహలో పెద్ద పెద్ద జంతువుల ఎముకలు, ఏనుగు దంతం ఊరివాళ్ళ కంటబడ్డాయి. దగ్గర్లో పెన్‌రైస్ కోటలో ఉండే టాల్బట్ల ద్వారా కబురు ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళింది. అక్కడ విలియం బక్లాండ్ అని భూగర్భశాస్త్రం చెప్పే ఆయన, చర్చి ఫాదర్ కూడా. ఆరోజుల్లో రెండు పనులూ ఒకరే చేసేవాళ్ళు. 1823 జనవరి చలిలో వచ్చి తవ్వాడు. అర అడుగు మట్టి తీసేసరికి ఎముకలు. ఎడమవైపువి బాగానే ఉన్నాయి. తల లేదు, వెన్నుపూసలు లేవు, కుడివైపు చాలావరకు లేదు. ఎముకల చుట్టూ అర అంగుళం దాకా జేగురు మట్టి పట్టి ఎర్రగా ఉంది. తొడ దగ్గర, జేబు ఉండే చోట అని ఆయనే రాశాడు, రెండు గుప్పెళ్ళ చిన్న సముద్రపు గుల్లలు. ఛాతీ ఎముకల దగ్గర దంతంతో చేసిన సన్నటి కడ్డీల ముక్కలు నలభై యాభై, దంతపు కడియాల ముక్కలు.

మొదట్లో ఆయన ఇది దొంగసరుకు వ్యాపారుల చేతిలో చచ్చిన సుంకం అధికారి శవం అనుకున్నాడు. తర్వాత మనసు మార్చుకున్నాడు. కడియాలున్నాయి కాబట్టి ఆడది. గుహ పైన కొండ మీద పాత కోట గోడలున్నాయి, అది రోమన్ల కాలందని ఆయన లెక్క, కాబట్టి ఈవిడ ఆ కోటలో సైనికులను కనిపెట్టుకుని ఉన్న మనిషి. అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు. ఆ కోట ఇనుప యుగానిదని తర్వాత తేలింది, రోమన్లకూ దానికీ సంబంధం లేదు.

కడియం చూసి ఆడది అనుకోవడానికి బేతంచెర్లలో అయితే ఎవరూ సాహసించరు. మా తాతకి చేతికి వెండి కడియం, చెవులకు పోగులు, మీసాలు ఇంత. 

కానీ బక్లాండ్‌ను చూసి నవ్వేసి వదిలేయకండి. ఆయనకొచ్చిన అసలు ఇబ్బంది వేరు. మామత్ (మంచుయుగంలో ఉండి అంతరించిపోయిన ఏనుగు జాతి) ఎముకలున్న మట్టిలోనే మనిషి ఎముకలూ ఉన్నాయి. మామత్‌లు జలప్రళయానికి ముందువి, మనిషి ఆ కాలంలో ఇంగ్లండు, వేల్స్ వైపు లేడు అన్నది ఆయన నమ్మకం. మరి దంతపు కడ్డీలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? రోమన్ల కాలం వాళ్ళు గుహలో పాత దంతం దొరికితే తవ్వి తీసి చెక్కుకున్నారు అన్నాడు. నమ్మకం చెక్కుచెదరకుండా సాక్ష్యాన్ని సర్దేశాడు! అయితే ఆ సాక్ష్యాన్ని దాచలేదు. ఏది ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో, గుహ కోత బొమ్మతో సహా అదే ఏడాది అచ్చువేశాడు. ఆయన తీర్పును తర్వాతి వాళ్ళు కొట్టేయగలిగింది ఆయన రాసిపెట్టిన వివరాలతోనే. కొన్నేళ్ళకు ఆయనే ప్రళయం సిద్ధాంతం వదిలేసి, ఆ మట్టీ రాళ్ళూ మంచు నదులు తెచ్చినవని ఒప్పుకున్నాడు కూడా. ఈలోగా ఫ్రాన్స్, ఇటలీ వైపు జేగురు చల్లిన పాతరాతియుగం సమాధులు బయటపడ్డాయి. 1912లో అదే ఆక్స్‌ఫర్డ్ నుంచి సోలాస్ అనే ఆయన వచ్చి గుహను మళ్ళీ తవ్వి, ఎముకలు మళ్ళీ చూసి, ఇది మగవాడు, పాతరాతియుగం వాడు అని తేల్చాడు. అప్పటికి కార్బన్ డేటింగ్ పుట్టనే లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, యంత్రం రాకముందే వయసు రోమన్ల కాలం దాటి పాతరాతియుగంలోకి వెళ్ళిపోయింది. కాబట్టి మీ వేలంపాటలో మొదటి పాట, ఆ రెండు వేలు, కొలత కానే కాదు. అది ఊహ. దాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఇక కొలతలు. 1960ల్లో వచ్చింది 18,460. 1989లోనూ ఆ తర్వాతా వచ్చింది 26 వేల చిల్లర. 2008లో హైమ్, జాకోబీ అనే పరిశోధకులు ప్రచురించింది 29 వేల దగ్గర. ఆ 33, 34 వేలు అన్నది కొత్త కొలత కాదు, అది చివర్లో చెప్తాను.

బతికున్నంతకాలం తిండి ద్వారా మనలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ చేరుతూ ఉంటుంది. చచ్చాక చేరడం ఆగిపోతుంది, ఉన్నది తరుగుతూ పోతుంది. 5,730 ఏళ్ళకు సగం. కొత్త ఎముకలో 100 వంతులు ఉంటే, 29 వేల ఏళ్ళని కొలత వచ్చే ఎముకలో మిగిలేది 2.7 వంతులు. అంతే. ఇప్పుడు ఆ ఎముకలోకి ఎక్కణ్ణుంచో కొత్త కార్బన్ ఒక్క శాతం కలిసిందనుకోండి. తవ్వినవాళ్ళ చేతుల జిడ్డు, గుహలో మొక్కల వేళ్ళు, నేలలో కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు, మ్యూజియంలో ఎముక చిట్లకుండా పూసే జంతువుల జిగురు, ఏదైనా సరే. 2.7 ఉండాల్సింది దాదాపు 3.7 అవుతుంది. దాన్ని వయసులోకి మారిస్తే 26,500. సూరీ, నీకు లెక్కలొచ్చు కదా, నువ్వే వేసి చూడు. 1989లో వచ్చిన అంకెకు ఎంత దగ్గరగా ఉందో కనబడుతుంది. 18 వేలు రావాలంటే ఏడెనిమిది శాతం కలవాలి. ఆరోజుల్లో కొలతకు బోలెడు ఎముక కావాలి, శుభ్రం చేసే పద్ధతి మోటు, కాబట్టి అంత కలిసిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అంతకంటే ఎక్కువే కలుపుతారు.

వయసు ఎప్పుడూ పెరగడమే ఎందుకన్నావు. కొత్త కార్బన్ కలిస్తే ఎముక కుర్రదిగా కనబడుతుంది. శుభ్రం చేసేకొద్దీ ముసలిదవుతుంది. ఒక పాత ఎముకను ప్రతిసారీ ఇంకాస్త బాగా కడిగి కొలిస్తే అంకె పైకే వెళ్ళాలి. కింద మీద పడుతూ ఉంటేనే నాకు అనుమానం వచ్చేది.

వంట చేయాలి, మిగతాది రాత్రికి.

నిజం_నిప్పు:

నాపరాయి గారూ, మీరు నా మాటే నిరూపించారు. ఒక్క శాతం మురికికి రెండున్నర వేల ఏళ్ళు తేడా వస్తే ఆ పద్ధతి ఎందుకండీ? 2008లో మురికి మొత్తం పోయిందని ఎవరు చెప్పారు? అన్నట్టు, వేల్స్‌లో దొరికిన ఎముకలు ఆక్స్‌ఫర్డ్‌లో ఎందుకున్నాయి? మన అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నట్టేనా?

కార్డిఫ్_బుజ్జి:

చివరి ప్రశ్న మాత్రం కరెక్ట్. ఇక్కడ స్వాన్సీ వాళ్ళు కూడా అదే అడుగుతుంటారు. 1823లో వేల్స్‌కి జాతీయ మ్యూజియం లేదు, దానికి చార్టర్ వచ్చింది 1907లో. అప్పటికే ఎముకలు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళ సొత్తయిపోయాయి. 2007లో కార్డిఫ్‌కు ప్రదర్శన కోసం తెచ్చి మళ్ళీ పంపేశారు.

నాకు సైన్స్ రాదు, చదువుతున్నా, రాయండి నాపరాయి గారూ.

నాపరాయి:

నిప్పు గారూ, ఇది ల్యాబ్‌వాళ్ళు అడిగే ప్రశ్న. మీరు వేళాకోళానికి అడిగినా నేను సీరియస్‌గానే తీసుకుంటాను.

మురికి పోయిందని ఎలా తెలుసు? ఎముకలో డేటింగ్‌కు పనికొచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాన్ని విడదీశాక అందులో కార్బన్‌కూ నైట్రోజన్‌కూ ఉన్న నిష్పత్తి చూస్తారు. మంచి కొల్లాజెన్‌లో అది 2.9కీ 3.6కీ మధ్య ఉంటుంది. బయటి చెత్త కలిస్తే దాటిపోతుంది, ఆ శాంపిల్ పారేస్తారు. 2008 నాటి పనిలో దానికి తోడు అల్ట్రాఫిల్ట్రేషన్ చేశారు. పెద్ద అణువులను మాత్రమే ఆపి, విరిగిపోయిన చిన్న ముక్కలనూ వాటికి అంటుకున్న వాటినీ కిందికి వదిలేసే వడపోత. మందుల కంపెనీల్లో ప్రోటీన్లు శుభ్రం చేయడానికి రోజూ వాడేదే. ఒకటికి రెండు శాంపిళ్ళు కొలిచారు. రెండింటికీ 29 వేల దగ్గరే వచ్చింది, తేడా కొన్ని వందల ఏళ్ళు. మురికి వల్ల వచ్చే తప్పు రెండు శాంపిళ్ళలో సరిసమానంగా రావడం చాలా అరుదు.

ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని మురికీ వయసు తగ్గించదు. పెట్రోలియం నుంచి తీసిన జిగురుల్లో కార్బన్-14 అసలుండదు, అవి కలిస్తే ఎముక ఉన్నదానికంటే ముసలిది అవుతుంది. అందుకే కొలిచేముందు ఈ ఎముకకు గతంలో ఏం పూశారు అన్న చరిత్ర తవ్వుతారు. పాత మ్యూజియం రిజిస్టర్లు రసాయన శాస్త్రానికి పనికొచ్చేది ఇక్కడే.

ఇక యంత్రంతో సంబంధం లేని సాక్ష్యం ఒకటుంది, మీలాంటి వాళ్ళకు అదే నచ్చుతుంది. ఆ 18,460ని మన క్యాలెండర్ ఏళ్ళలోకి మారిస్తే 22 వేలు దాటుతుంది. ఆ కాలంలో మంచు పలక వేల్స్ అంతా కప్పేసి గోవర్ దాకా దిగివచ్చింది. బ్రిటన్‌లో మనుషులే లేరు. మరి వీడొక్కడు ఆ మంచు అంచున ఏం చేస్తున్నట్టు? ఎవరు పాతిపెట్టినట్టు? 18 వేలు అన్నప్పుడే చాలామంది తల గోక్కున్నారు. 29 వేలకు వెళ్ళేసరికి ఆ చిక్కు విడిపోయింది, ఎందుకంటే అది మంచుయుగం మధ్యలో కాస్త వెచ్చబడిన కాలాల్లో ఒకదాని దగ్గర పడుతుంది. గడ్డి మైదానాలు, వాటి మీద మామత్‌లు, గుర్రాలు. మనుషులు రావడానికి కారణం కనబడుతోంది.

29 వేలు 33 వేలు ఎలా అయిందంటే, గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకే మోతాదులో లేదు. కాబట్టి యంత్రం ఇచ్చే ఏళ్ళు, క్యాలెండర్ ఏళ్ళు ఒకటి కావు. చెట్ల వలయాలు, జపాన్‌లో సుయిగెత్సు సరస్సు అడుగున ఏటేటా పేరుకున్న పొరలు, గుహల్లో సున్నపు స్తంభాలు, వీటన్నిటితో ఒక పట్టిక తయారు చేసుకున్నారు. దాని ప్రకారం 29 వేలను మారిస్తే 33, 34 వేలు. పట్టిక మెరుగుపడేకొద్దీ అటూ ఇటూ కాస్త జరుగుతుంది. సూరీ, నువ్వు చదివిన చోట్ల రెండు రకాల ఏళ్ళను కలిపేసి రాశారు, అందుకే నాలుగు మెట్లున్నట్టు కనబడింది. కొలతలో మెట్లు మూడే. 

రేపు 40 వేలు అంటారా అంటే, ఇంకో నమూనా తీసి ఇంకా బాగా కడిగితే కొన్ని వందల ఏళ్ళు జరగొచ్చు. ఇంకో పదివేలు పెరగాలంటే మాత్రం ఇప్పుడున్న 2.7లో సగానికి పైగా బయటి కార్బనే అయ్యుండాలి. ఆ నిష్పత్తి పరీక్ష, ఆ వడపోత, రెండు శాంపిళ్ళు ఒకే మాట చెప్పడం, వీటి తర్వాత నేను దానిమీద పందెం కాయను.

స్వాన్సీ_సూరి:

అక్కా, రూమ్మేట్ పక్కనే కూర్చుని చదువుతున్నాడు. ఆ ఒక్క శాతం లెక్క పైథాన్‌లో వేశాడు. 26,500 వచ్చింది. ఇప్పుడు “నిష్పత్తి పరీక్షకి టాలరెన్స్ ఎంత” అంటున్నాడు, వాడినొదిలేయండి.

ఇంతకీ ఆ కుర్రాడెవరు? అంత దూరం నుంచి చూస్తే మనిషి గురించి ఏమైనా తెలుస్తుందా, లేక వయసొక్కటేనా?

నాపరాయి:

తెలుస్తుంది. పాతికేళ్ళ చుట్టూ వయసు, ముప్పై దాటలేదు. అయిదున్నర అడుగుల పైచిలుకు. గట్టి మనిషి. ఎముకల్లో కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) కొలిస్తే తిండిలో నీటి నుంచి వచ్చింది కొంత ఉందని తేలింది, 15 నుంచి 20 శాతం అని ఒక అంచనా. ఇది వింటే మామూలుగా అనిపిస్తుంది, గుహ సముద్రం మీదే ఉంది కదా అని. అప్పుడు సముద్రం అక్కడ లేదు! నీళ్ళన్నీ మంచులో ఇరుక్కుని మట్టం బాగా దిగిపోయింది, నువ్వు చూసిన బ్రిస్టల్ ఛానెల్ అంతా నేల. తీరం పదుల మైళ్ళ అవతల. అంటే వాళ్ళు తిరుగుతూ బతికేవాళ్ళు, తీరానికీ నదులకూ వెళ్ళొచ్చేవాళ్ళు. తొడ దగ్గర దొరికిన ఆ గుప్పెళ్ళ గుల్లలు అంత దూరం మోసుకొచ్చినవి. బక్లాండ్ జేబు అన్నాడు చూశారా, ఆ గమనిక నాకు చాలా నచ్చుతుంది. ఆడమనిషి అన్నది తప్పు, రోమన్ అన్నది తప్పు, సంచీయో జేబో ఉండి ఉంటుందన్నది ఇప్పటికీ నిలబడే ఉంది.

జేగురు, దంతపు నగలు వీళ్ళ ఒక్కరి అలవాటు కాదు. రష్యాలో సుంగిర్ అనే చోట దాదాపు ఇదే కాలం సమాధులున్నాయి, అక్కడా జేగురే, దంతపు పూసలైతే పదమూడు వేలకు పైనే. వేల్స్ కొస నుంచి రష్యా దాకా చచ్చినవాళ్ళను ఎర్రమట్టిలో, దంతంతో సాగనంపుతున్నారు. ఒకరినొకరు చూసుండరు. అయినా పద్ధతి ఒకటే. నాకు మతిపోయేది ఇక్కడ, 33 వేలు అన్న అంకె దగ్గర కాదు.

ఇంకో మాట. వేల్స్ నేల చాలాచోట్ల ఆమ్లం, ఎముకని తినేస్తుంది. సున్నపురాయి ఉన్నచోటే ఎముకలు నిలుస్తాయి. పావిలాండ్ సున్నపురాయి. ఉత్తరాన పాంట్‌న్యువిడ్ గుహ సున్నపురాయి, అక్కడ నియాండర్తల్ (మనకు దగ్గరి, అంతరించిపోయిన మానవజాతి) పళ్ళు దొరికాయి, సుమారు 2,30,000 ఏళ్ళ నాటివి. లాండుడ్నో దగ్గర కెండ్రిక్ గుహ సున్నపురాయి, అక్కడ గీతలు చెక్కిన గుర్రం దవడ దొరికింది. పాతరాతియుగం వాళ్ళు వేల్స్‌లో గుహల్లోనే ఉండేవాళ్ళని పుస్తకాల్లో చదివితే నమ్మొద్దు, గుహల్లో ఉన్నవే మనకు మిగిలాయి. మా బేతంచెర్ల పక్కన బిల్లసర్గం గుహలూ అదే రకం రాయి. 1844లో న్యూబోల్డ్ వాటి గురించి రాశాడు, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వి ఎముకలు బస్తాలకొద్దీ తీశాడు. బక్లాండ్ మొదలుపెట్టిన ఎముకల గుహల పిచ్చి అరవై ఏళ్ళలో మా ఊరిదాకా వచ్చిందన్నమాట.

కార్డిఫ్_బుజ్జి:

ఎముకలు లేకపోయినా ఫర్వాలేదు అనిపించేది ఒకటి చెప్తాను. న్యూపోర్ట్ దగ్గర గోల్డ్‌క్లిఫ్ అని సెవర్న్ నది సముద్రంలో కలిసే చోటు. అక్కడి బురదలో దాదాపు ఏడున్నర వేల ఏళ్ళ కిందటి అడుగుజాడలున్నాయి. మనుషులవి, జింకలవి, కొంగజాతి పక్షులవి. మనుషుల్లో పిల్లలవి చాలా ఉన్నాయి, మూడు నాలుగేళ్ళ వాళ్ళవి కూడా. రెడింగ్ విశ్వవిద్యాలయం నుంచి మార్టిన్ బెల్ ఏళ్ళ తరబడి వాటి వెనకే తిరిగాడు. ఒక పోటు వచ్చి మట్టి కోస్తే కొత్త జాడ బయటపడుతుంది, తర్వాతి పోటుకి చెరిగిపోవడం మొదలవుతుంది. ఆ కాస్త సమయంలోనే కొలిచి అచ్చు తీసుకోవాలి. వేటకి వెళ్ళారు, చేపలకి వెళ్ళారు అని పెద్దవాళ్ళ గురించే రాసే పుస్తకాల్లో ఈ పిల్లలు ఎక్కడా కనబడరు. బురదలో మాత్రం అమ్మానాన్నల వెంట నడుస్తూ ఉన్నారు.

ఇంకా తవ్వకం చూడాలనుంటే కార్డిఫ్ రండి. ఏలీ పక్కన కేరౌ కొండమీద ఇనుప యుగం కోట ఉంది, విశ్వవిద్యాలయం వాళ్ళు చుట్టుపక్కల జనాన్ని కలుపుకుని తవ్వుతారు. 2022లో అక్కడికి దగ్గర్లోనే ట్రెలై పార్కులో కంచుయుగం నాటి గుండ్రటి ఇల్లు బయటపడింది, 3,500 ఏళ్ళ నాటిది. మా పిల్లాడు కూడా వెళ్ళి జల్లెడ పట్టాడు. దొరికింది గులకరాయి. దాన్ని చరిత్రలాగే దాచుకున్నాడు, పారేస్తే గొడవ.

నిజం_నిప్పు:

సరే, మురికి లెక్క వరకు ఒప్పుకుంటున్నాను. గ్రాంట్ల మాట వెనక్కి తీసుకోను. కానీ అడుగుజాడ అంటే అడుగుజాడ, ఎముక అంటే ఎముక. వస్తువు విషయంలో మాత్రం ఊహలే కదా? కడియం చూసి ఆడది అన్నట్టు, ఏ ఇనుప ముక్కనైనా చూసి కథ అల్లేస్తారు.

నాపరాయి:

అన్ని వస్తువులూ అంత మొహమాటపడవు నిప్పు గారూ. 1942లో యుద్ధం మధ్యలో ఆంగల్సీ దీవిలో వ్యాలీ అనే చోట విమానాశ్రయం కడుతున్నారు. లిన్ కెర్రిగ్ బాఖ్ అనే చిన్న సరస్సు పక్క నుంచి పీట్ (కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన) మట్టి తవ్వి పరుస్తుంటే ఇనుప గొలుసు ఒకటి తేలింది. బురదలో దిగబడిన లారీలను ట్రాక్టరుకు కట్టి లాగడానికి దాన్నే వాడుకున్నారు. బాగా లాగింది. తర్వాత సంగతి మ్యూజియం దాకా వెళ్ళి, సిరిల్ ఫాక్స్ చూస్తే తెలిసింది, అది రెండు వేల ఏళ్ళ కిందటి గొలుసు. కత్తులు, బల్లేలు, రథాల చక్రాల కట్లు, నూటయాభైకి పైగా వస్తువులు అదే చోట నీళ్ళలోకి విసిరినవి దొరికాయి. ఆ గొలుసుకి మధ్యమధ్య మనిషి మెడ పట్టే రింగులున్నాయి, వరసగా. అది దేనికో చెప్పడానికి ఊహ ఏం కావాలి?

సూరీ, ఒక్క మాట. వాతావరణం బాగుంటే గుహలోకి దిగుదామని మీ ఫ్లాట్ వాళ్ళు అంటారు, నాకు తెలుసు. పై నుంచి దిగే ప్రయత్నం అస్సలు చేయొద్దు. గుహ నోటికి కింది నుంచి, పోటు బాగా తగ్గినప్పుడు, నాచు పట్టిన రాళ్ళ మీంచి పాకుతూ వెళ్ళాలి, నీళ్ళు తిరిగి వచ్చేస్తే దారి మూసుకుపోతుంది. టైడ్ పట్టిక చూసి, అక్కడి దారి తెలిసినవాళ్ళతో అయితేనే. వర్షం పడితే ఇంట్లో కూర్చుని రూమ్మేట్‌కి బిర్యానీ వండిపెట్టు. ఆ నిష్పత్తి పరీక్ష గురించి అతను అడిగింది సరైన ప్రశ్నే, ఆదివారం తీరిగ్గా రాస్తాను.